నడుస్తున్న మెషిన్‌కి చావు కాగితం

ఈమధ్య సెల్‌ఫోన్లు బాగుచేసే యువకులు నలుగురైదుగురు అమలాపురంలో ఒక టీకొట్టు దగ్గర నన్ను చుట్టుముట్టారు. వాళ్ళలో ఒకతను, "మాష్టారూ, మీ రోజుల్లో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ మెషిన్లు ఉండేవి కదండీ, అవి ఎన్నేళ్ళు వచ్చేవండీ?" అని అడిగాడు.

"ఎన్నేళ్ళు వచ్చేవని కాదయ్యా. ఎన్నేళ్ళు రానిచ్చేవారని అడుగు" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెద్దదైంది. టీ పోస్తున్నాయన కూడా ఇటు తిరిగి చూశాడు.

రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మాట ఎత్తితే నాకు కోపం ఆగదు. ఆ కోపంలో సగం కంపెనీ మీద, సగం నా మీద. టీకొట్టు దగ్గర నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలో కొత్తగా దిగినవాళ్ళు చదివితే చాలు.

నేను ఐ.టి.ఐ.లో రేడియో, టీవీ పని నేర్చుకుని, తొంభైల మొదట్లో అమలాపురంలో ఒక టీవీల షాపులో మెకానిక్‌గా చేరాను. కొన్నేళ్ళకి మా షావుకారుగారు ఒక పెద్ద కంపెనీకి డీలరయ్యారు. ఆ కంపెనీ టీవీలతోపాటు వీడియో గేమ్ మెషిన్లు కూడా అమ్మేది. దాంతో మా షాపు పైమేడ మీద సర్వీస్ సెంటర్ పెట్టారు. నన్ను పది రోజులు హైదరాబాద్ పంపి ట్రైనింగ్ ఇప్పించి, సర్టిఫికెట్ ఇచ్చారు. రాజోలు నుంచి కొత్తపేట దాకా ఆ కాగితం ఉన్న మెకానిక్ నేనొక్కడినే. దాని మీద అతికించిన ఫొటోలో టై కట్టుకుని ఉంటాను. ఆ టై ఫొటో స్టూడియోవాళ్ళది. అయినా సర్టిఫికెట్‌ని ఫ్రేమ్ కట్టించి, నా బల్ల వెనక గోడకి, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా తగిలించాను. నేను చేసిన తప్పుకి ఆ ఫ్రేమ్ కూడా ఒక కారణమే.

మొదట్లో వచ్చినవి కేసెట్ పెట్టి ఆడే మెషిన్లు. అవి మొండివి. కేసెట్ తీసి, అడుగున దుమ్ము తుడిచి పెడితే మళ్ళీ నడిచేవి. తరవాత డిస్కు పెట్టి ఆడే మెషిన్లు వచ్చాయి. వీటిలో ముందు అరిగేది లెన్స్. డిస్కు మీద ఉన్నదాన్ని చదివే చిన్న కన్ను అది. లెన్స్ మారిస్తే మెషిన్ మళ్ళీ కొత్తదే. నాకు అరగంట పని.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ డిస్కు మెషిన్ పై దేశాల్లో బజారుకొచ్చిన మూడు నాలుగేళ్ళకిగాని కోనసీమలోకి రాలేదు. వచ్చినా షాపుల్లోకి కాదు, గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో, దుప్పట్ల మధ్య చుట్టుకుని వచ్చింది. మా షాపులో అది అమ్మకానికి పెట్టే నాటికి కంపెనీవాళ్ళ లెక్కలో దాని వయసు అయిపోవస్తోంది. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఐదారేళ్ళకొకసారి వాళ్ళు మెషిన్ మారుస్తారనీ, దానికి జనరేషన్ అని పేరు పెట్టుకున్నారనీ, పాతదాన్ని ఒక తేదీన మూసేస్తారనీ నాకే తెలియదు. కొన్నవాళ్ళకేం తెలుస్తుంది? తరం అంటే మా తాతగారు, మా నాన్నగారు అనుకునేవాణ్ణి. ఆరేళ్ళకొక తరమట!

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి, ఒక వేసవిలో, కంపెనీ నుంచి ఇంజనీరుగారు వచ్చారు. చిన్నవాడు. చాలా మర్యాదస్తుడు. టీ తాగిన గ్లాసు తనే కడిగి పెట్టేవాడు. బ్యాగులోంచి కాగితం తీసి, "ఈ మోడల్ క్లోజ్ అయిపోయిందండీ. ఇక సర్వీస్ ఉండదు. మీ దగ్గర మిగిలిన లెన్సులు స్క్రాప్ చేసి సంతకం పెట్టాలి" అన్నాడు.

సొరుగులో పన్నెండు లెన్సులున్నాయి. అట్టపెట్టెల సీలు కూడా తీయనివి.

"వెనక్కి తీసుకుపోతారాండీ?" అని అడిగాను.

"కాదండీ. ఇక్కడే పగలగొట్టాలి. నేను చూడాలి."

కౌంటర్లో కూర్చుని రసీదులు రాసే మేడమ్‌గారు అప్పుడు పైకి వచ్చి ఉన్నారు. ఆవిడ మిషన్ స్కూల్లో చదువుకుని, టైపు నేర్చుకుని మా షాపులో చేరిన మనిషి. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నాకన్నా ధైర్యం ఎక్కువ.

"బాగున్నవి పగలగొట్టడం ఏంటండీ?" అంది ఆవిడ.

ఇంజనీరు నవ్వాడు. "ఇవి బయటికి పోతే పాత మెషిన్లు తిరుగుతూనే ఉంటాయండీ. పాతవి తిరుగుతుంటే కొత్తవి ఎవరు కొంటారు?"

ఇంత తేటగా చెప్పాడు. దాచలేదు. దాచాల్సిన మాట అని కూడా అతనికి తోచలేదు.

మేడమ్‌గారు కాగితం అందుకుని చదివింది. "ఇందులో 'పాడైన విడిభాగాలు' అని అచ్చేసి ఉందండీ. ఇవి పాడవ్వలేదు కదా. మేష్ట్రుగారూ, మీరెలా సంతకం పెడతారండీ?"

నేను గోడ మీది ఫ్రేమ్ వైపు చూశాను. సంతకం పెట్టకపోతే అది పోతుంది. "మనకెందుకండీ, పైవాళ్ళ రూలు" అన్నాను. సుత్తి తెచ్చాను. పన్నెండూ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే కొట్టాను. చిన్న గాజు చిట్లిన చప్పుడు, అంతే. తరవాత సంతకం పెట్టాను. మేడమ్‌గారు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం పి.గన్నవరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. నూలు తువ్వాలులో చంటిబిడ్డని చుట్టినట్టు చుట్టి తెచ్చిన మెషిన్‌ని నా బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యగారూ, డిస్కు పెడితే తిరుగుద్దండీ, బొమ్మ రాదండీ" అంది.

మూత తీశాను. లెన్స్ అరిగిపోయింది. నాకు కంపెనీ నేర్పిన వాక్యం ఒకటుంది. అదే అప్పగించాను. "ఇది క్లోజైన మోడలమ్మా. దీనికి సర్వీస్ లేదు. కొత్త మెషిన్ వస్తోంది, అది తీసుకోండి."

"క్లోజవడం ఏంటండీ? మొన్న ఆదివారం దాకా నడిచిందండీ."

"నడిచినా సరేనమ్మా. కంపెనీ మూసేసింది."

"మా ఇంట్లో మెషిన్ని కంపెనీ ఎలా మూసేద్దండీ?"

నేను మెషిన్ మూత మళ్ళీ బిగించడం మొదలుపెట్టాను.

అప్పుడు చెప్పింది ఆవిడ. భర్త మస్కట్‌లో రాడ్ బెండింగ్ పని చేసేవాడు. స్లాబులకి ఇనప ఊచలు వంచి, తీగతో కట్టే పని. అక్కడ పరంజా మీంచి పడి కుడి మణికట్టు నుజ్జయింది. ఎముక అతికింది కానీ నరం దెబ్బతిని వేళ్ళు వంగడం మానేశాయి. కాకినాడలో డాక్టరుగారు రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నారు. రెండు రోజులు నొక్కి బంతిని కాలవలోకి విసిరేశాడట. మనిషి మాట్లాడటం మానేశాడట. గోడవైపు తిరిగి పడుకునేవాడట.

"అక్కణ్ణించి వచ్చేటప్పుడు పాప కోసం ఈ మెషిన్ తెచ్చేరండీ. ఓ రోజు పాప ఆడుతుంటే జాయ్‌స్టిక్ తీసుకున్నారు. కారు పందేలండీ. మొదట బొటనవేలొక్కటే కదిలేదండీ. ఓడిపోతారు, మళ్ళీ మొదలెడతారు. పొద్దున్నే కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవారు కాదండీ. నాలుగు నెలలు. ఇప్పుడు మూడు వేళ్ళు వంగుతున్నాయండీ. మొన్న ముద్ద కలుపుకుని తినేరు." ఆవిడ తువ్వాలు మడతపెట్టింది. "ఆట కోసం కాదండీ బాబూ. చెయ్యి కోసమండీ."

మెట్ల దగ్గర మేడమ్‌గారు నిలబడి వింటోంది. నేను ఆవిడ వైపు చూడలేకపోయాను. అక్కడే, నా మోచేతి పక్క సొరుగులో, మూడు వారాల కిందట దీనికి సరిపడే లెన్సులు పన్నెండు ఉన్నాయి.

ఆ రోజుకి మెషిన్‌ని తలకిందులుగా బోర్లించి పెట్టి ఆడమన్నాను. అరిగిన లెన్స్ కొన్నాళ్ళపాటు అలా నడుస్తుంది. ఇది ట్రైనింగ్‌లో చెప్పరు, ఆడేవాళ్ళే కనిపెట్టారు. వారం తిరక్కుండానే ఆవిడ మళ్ళీ వచ్చింది. "ఎలా పెట్టినా రావట్లేదండీ. ఆయన మళ్ళీ గోడవైపు తిరిగేరండీ" అంది.

"మెషిన్ ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా. చేసి ఇస్తాను" అన్నాను. ఎలా చేస్తానో నాకే తెలియదు.

కంపెనీకి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి మెత్తగా, "సారీ సార్, ఆ మోడల్ మా సిస్టమ్‌లో లేదండీ" అంది.

"మీ సిస్టమ్‌లో లేదమ్మా. నా బల్ల మీద ఉంది" అన్నాను.

"కొత్త జనరేషన్ గురించి వివరాలు చెప్పమంటారా సార్?"

ఫోన్ పెట్టేశాను. పెట్టేశాను అనడం కన్నా విసిరికొట్టాను అనడం నిజం. షావుకారుగారు కింది నుంచి, "ఏవయ్యా, పైన ఏంటా చప్పుడు?" అని కేకేశారు.

ఆ వచ్చిన రెండు ఆదివారాలూ చచ్చిన మెషిన్ల కోసం తిరిగాను. రాజోలులో ఇద్దరు గల్ఫ్ వాళ్ళ ఇళ్ళల్లో దొరికాయి కానీ లెన్సులు పూర్తిగా అరిగినవే. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటెక్కి, కోటిపల్లి మీదుగా రామచంద్రపురం వెళ్ళాను. అక్కడ గేములాడించే ఒకాయన గోనెసంచి విప్పి ఏడు మెషిన్లు నా ముందు దొర్లించాడు. "బయట పారేద్దామంటే మనసు రాలేదండీ. రిపేరు చేసేవాళ్ళు లేరు" అన్నాడు. చేసేవాణ్ణి నేనే. చేయకుండా నన్ను కట్టేశారు. ఆ ఏడింటి లెన్సులూ అరిగినవే. చివరికి కొత్తపేటలో, ఒక వీడియో గేమ్ పార్లర్ ఆయన పిడుగుపాటుకి లోపలి సర్క్యూట్ బోర్డు కాలిపోయిన మెషిన్ ఒకటి తలుపుకి అడ్డంగా పెట్టుకుని ఉన్నాడు. విప్పి చూస్తే లెన్స్ చెక్కుచెదరలేదు. అడగ్గానే ఇచ్చేశాడు. తలుపుకి ఇటుక వెతుక్కున్నాడు.

సోమవారం పొద్దున్న లెన్స్ మార్చాను. డిస్కు తిరిగింది, బొమ్మ వచ్చింది. మేడమ్‌గారు పైకొచ్చి, తెర మీద కారు పరుగెత్తడం చూసి, "మీరు ఆ రోజు ఒక్కటి అట్టేపెట్టినా ఈ తిరుగుడు తప్పేదండీ" అంది. తిట్టు కాదు. అలాగని ఓదార్పూ కాదు. తనే పి.గన్నవరం ఆవిడకి కబురు పంపింది, మర్నాడు వచ్చి తీసుకెళ్ళమని.

ఆ మర్నాడు మా షాపులో కొత్త మెషిన్ విడుదల అని నేను మరిచేపోయాను.

ఇంజనీరుగారు పొద్దున్నే దిగాడు. కింద బ్యానరు కట్టారు, రంగుకాగితాలు అతికించారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి టీవీ షాపులవాళ్ళు, మెకానిక్కులు పదిహేను మంది దాకా వచ్చారు. నల్లగా నిగనిగలాడుతూ కొత్త మెషిన్ బల్ల మీద కూర్చుంది. ఇంజనీరు దాని గురించి చక్కగా చెప్పాడు. అబద్ధమేం లేదు. బొమ్మలు నిజంగా బాగున్నాయి. అందరినీ పైకి తీసుకొచ్చి సర్వీస్ సెంటర్ చూపిస్తుండగా, నా బల్ల మీద పాత మెషిన్ అతని కంట పడింది.

"ఇదేంటండీ? ఇది నడుస్తోందేంటి?"

"లెన్స్ మార్చానండీ."

"లెన్స్ ఎక్కడిది? మీరు స్క్రాప్ చేశానని సంతకం పెట్టారు."

"కొత్తపేటలో తెచ్చుకున్నాను."

అతని మొహం మారింది. "క్లోజైన మోడల్ ఆథరైజ్డ్ సెంటర్లో చేయకూడదండీ. ఇందరు డీలర్ల ముందు ఇదేం బాగాలేదు. ఆ లెన్స్ తీసేయండి. స్క్రాప్ చేసేయండి."

సరిగ్గా అప్పుడే ఆ దంపతులు మెట్లెక్కి వచ్చారు. అతన్ని నేను చూడటం అదే మొదటిసారి. పొడుగ్గా, బక్కగా ఉన్నాడు. కుడిచెయ్యి చొక్కా గుండీల మధ్య దోపుకున్నాడు. మాటలు విన్నట్టున్నాడు. నేరుగా వచ్చి, నా స్టూలు మీద కూర్చుని, జాయ్‌స్టిక్ రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ చోటు చూసుకుని ఆనించాడు. ఆట మొదలుపెట్టాడు. కారు రెండుసార్లు గోడకి గుద్దుకుంది. మూడోసారి మలుపు తిరిగింది. గదిలో అందరూ అతని వేళ్ళనే చూస్తున్నారు, తెరని కాదు.

ఇంజనీరు పక్కకి వంగి, "సార్, కొత్త మెషిన్ మీద ఇంకా బాగా ఆడొచ్చు సార్" అన్నాడు.

"ఆయ్. అది ఎన్నేళ్ళుంటుందండీ?"

"ఐదారేళ్ళు సార్. తరవాత నెక్స్ట్ జనరేషన్ వస్తుంది."

"మరి ఇది నడుస్తోంది కదండీ" అన్నాడతను. అంతే అన్నాడు.

ఇంజనీరు నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "వాళ్ళకి నచ్చజెప్పి పంపించి, తరవాత స్క్రాప్ చేయండి. లేకపోతే నేను పైకి రాయాల్సి వస్తుంది" అన్నాడు.

ఇక నాకు కోపం ఆగలేదు. సొరుగు లాగి సుత్తి తీసి అతని చేతిలో పెట్టాను.

"మీరే కొట్టండి" అన్నాను. "నేనొకసారి కొట్టేశానండీ. పన్నెండు కొట్టాను, కొత్తవి, సీలు తీయనివి. పాడైపోయాయని అబద్ధం మీద సంతకం పెట్టాను. ఆ చెయ్యి మళ్ళీ లేవదు. మీరు కొట్టండి. తరవాత కాదు. ఇప్పుడు, ఈయన ఆడుతుండగా కొట్టండి."

"మీరు అలా మాట్లాడకూడదండీ. నాకు పైనుంచి వచ్చిన ఆర్డరు."

"ఆ పైవాళ్ళని రమ్మనండి. అమ్మేటప్పుడు ఇదెప్పుడు మూసేస్తారో అట్టపెట్టె మీద రాశారా? రాస్తే ఈయన మస్కట్ నుంచి మోసుకొచ్చేవాడా? మీకక్కడ ఆరేళ్ళు. మాకిక్కడికి వచ్చేసరికి రెండేళ్ళు. ఆ రెండేళ్ళకే మేము పూర్తి ఖరీదు ఇచ్చాం కదండీ!"

షావుకారుగారు, "ఒరేయ్, ఆగరా" అన్నారు. పదేళ్ళలో ఆయన నన్ను 'ఒరేయ్' అనడం అదొక్కసారే. నేను ఆగలేదు. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. ఇంజనీరు మొహం ఎర్రబడటం గుర్తుంది. అతను సుత్తిని చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి బల్ల మీద, చప్పుడు కాకుండా పెట్టేశాడు. అతని మీద నాకు కోపం లేదు. నేను మొదటిసారి చేయలేని పని అతను చేశాడు, కొట్టకుండా ఊరుకున్నాడు. అయితే పైకి మాత్రం రాశాడు.

మేడమ్‌గారు మెషిన్‌ని తువ్వాలులో చుట్టి అతని భార్య చేతికిచ్చింది. "జాగ్రత్తగా తీసుకెళ్ళండమ్మా. మళ్ళీ పాడైతే తెండి" అంది, అందరికీ వినపడేలా.

పదిహేను రోజులకి కంపెనీ నుంచి కాగితం వచ్చింది. నా సర్టిఫికెట్ రద్దు. షావుకారుగారు నన్ను కూర్చోబెట్టి, "నువ్వు చేసింది తప్పని నేననను. కానీ బోర్డు వాళ్ళది, షాపు నాది. మిక్సీలు, గ్రైండర్లు చూసుకుంటూ ఉండు" అన్నారు. మంచిమనిషే. మూడు నెలలు మిక్సీలు చూశాను. తరవాత మానేసి, నల్లవంతెన దగ్గర ఒక గది తీసుకుని సొంతంగా బల్ల వేసుకున్నాను. గోడకి ఏమీ తగిలించలేదు. మొదటి ఏడాది చాలా కష్టపడ్డాను, దాచడమెందుకు. కాకపోతే మా పాత షాపు కౌంటర్లో మేడమ్‌గారు, "క్లోజైన మోడళ్ళు నల్లవంతెన దగ్గర మేష్ట్రుగారు చేస్తారండీ" అని ఒక్కొక్కరినే నా మీదికి పంపించేది. కాకినాడ నుంచి కూడా వచ్చేవారు.

ఆ నల్లటి కొత్త మెషిన్‌ని కూడా కొన్నేళ్ళకి మూసేశారు. మరో ఇంజనీరు వచ్చాడట, అదే అచ్చు కాగితంతో. 'పాడైన విడిభాగాలు' అన్న మాట కూడా మార్చలేదని మేడమ్‌గారు చెప్పింది. అమ్మినవాళ్ళకి ఎప్పుడు ఆపేస్తారో ముందే తెలిసి, కొన్నవాడికి మాత్రం తెలియకపోతే దాన్ని వ్యాపారం అనాలా? నాకు వేరే మాట తెలుసు, అచ్చులో రాయకూడదని ఊరుకుంటున్నాను. ఈ పనిలో ఉన్న మీరు ఒక్కటి చేయండి. బాగున్నదాన్ని పాడైందని రాసిమ్మంటే రాయకండి. ఒక్కసారి రాసిన నేను చెబుతున్నాను.

పి.గన్నవరం ఆయన మెషిన్‌కి తరవాత ఇంకో రెండుసార్లు లెన్స్ మార్చాను. ఆపైన చాన్నాళ్ళు వాళ్ళ కబురు లేదు. ఒక రోజు ఆయనొక్కడే నా గదికి వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, సిమెంటు మరకలున్నాయి. ముమ్మిడివరం దగ్గర స్లాబు పని చూసుకుని వస్తున్నానన్నాడు.

"పన్లోకి వెళ్తున్నారాండీ?" అన్నాను.

"ఆయ్." నవ్వాడు. నా బల్ల కింద పాత తీగచుట్ట ఉంటే దాన్నుంచి జానెడు ముక్క తుంచాడు. రెండు స్క్రూడ్రైవర్లు స్లాబు ఊచల్లా అడ్డంగా, నిలువుగా పెట్టి, కుడిచేత్తో తీగ చుట్టి, మెలి తిప్పి, కొస వంచి నా ముందు పెట్టాడు.

"గట్టిగా ఉందో లేదో లాగి చూడండి" అన్నాడు.

లాగాను. ఊడలేదు.